నలభై ఒకటో ఫిల్టర్ మీద విచారణ

విచారణ జరపకుండా ఎంక్వైరీ బాబాయ్ దేన్నీ బయటికి పంపడు. అది తెగిన చెప్పు కావచ్చు, మూత పోయిన పెన్ను కావచ్చు, కంప్యూటర్లో ఎవరికీ కనబడకుండా కూర్చున్న తొమ్మిది అంకెలు కావచ్చు. పనికిరాదని నలుగురూ తేల్చేసిన ప్రతిదాన్నీ ఆయన ఎదురుగా కూర్చోబెట్టుకుంటాడు. ఏం పని చేస్తున్నావు, ఎన్నాళ్లనుంచి చేస్తున్నావు, నువ్వు పోతే నీ పని ఎవరు చూస్తారు అని అడుగుతాడు. జవాబులు రిజిస్టర్లో రాసుకుని, కింద సంతకం పెట్టి, అప్పుడు తలుపు తీస్తాడు. ఆయనకు అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, ఆఫీసులో దాన్ని పలికిన నోరు లేదు.

ఇంట్లోనూ ఇదే తంతు. ఆయన భార్యను ఆఫీసులో అందరూ పిన్ని అంటారు. ఓ ఆదివారం ఆవిడ వంటింటి అలమర సర్దుతూ, గిన్నె లేని మూత ఒకటి పాత సామాన్ల సంచిలో పడేసింది. బాబాయ్ దాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

"దీని గిన్నె ఏమైంది?"

"పన్నెండేళ్ల కిందట అడుగు మాడి పోయింది. అప్పట్నుంచీ ఇది ఊరికే పడుంది."

"ఊరికే పడుందని నువ్వంటున్నావు. అదేమంటుందో కనుక్కోవాలిగా."

"మూతండీ అది. ఏమంటుంది?"

బాబాయ్ ఆ మూత పక్కన ఓ కాగితం అంటించి, వారం రోజులు ఎవరు వాడితే వాళ్లు గీత పెట్టాలన్నాడు. వారం తిరిగేసరికి తొమ్మిది గీతలు తేలాయి, తొమ్మిదీ పిన్ని పెట్టినవే. పాల మీద పిల్లి మూతి పెట్టకుండా నాలుగుసార్లు, బఠానీలు ఒలవడానికి మూడుసార్లు, పొయ్యి మీద నుంచి దింపిన బాణలి కిందకి రెండుసార్లు. విచారణ ముగిశాక మూత అలమరలోకి వెళ్లింది, ఒక్క గీత కూడా సంపాదించలేని రెండు ఖరీదైన గిన్నెలు సంచిలోకి వెళ్లాయి. ఆ రోజు నుంచి పిన్ని ఆయన ఊళ్లో లేనప్పుడే ఇల్లు సర్దుకుంటోంది.

ఇంతకీ వాళ్ల ఆఫీసు తయారుచేసేది మాత్రల పెట్టె. చూపు తగ్గిన పెద్దవాళ్లు మాత్రను రెండు వేళ్లతో పట్టుకుని దాని కంటి ముందు పెడితే, అది ఫోటో తీసుకుని "ఇది పొద్దున వేసుకునే రక్తపోటు మాత్ర" అని పైకి చెబుతుంది. తెలియకపోతే "తెలియలేదు" అంటుంది. అది నిజాయితీపరురాలు, అంతవరకూ మెచ్చుకోవాలి.

ఆ పెట్టె లోపల పనిచేసేవి ఫిల్టర్లు. ఒక్కో ఫిల్టర్ తొమ్మిది అంకెల చిన్న చదరం. అది ఫోటో మీద ఈ చివర నుంచి ఆ చివరకు పాకుతూ పోతుంది. తనకు కావలసింది కనబడిన చోట లేచి చెయ్యెత్తుతుంది, మిగతా చోట్ల పడుకుంటుంది. మన ఇంటికొచ్చే చుట్టాలను చూడండి. ఒకాయన గోడకు చెమ్మ ఎక్కడుందో మాత్రమే చూస్తాడు, ఒకావిడ పిల్లల మార్కులు మాత్రమే అడుగుతుంది, ఇంకొకాయన కుర్చీ కాళ్లు ఊపి చూసి గాని కూర్చోడు. ఫిల్టర్లూ అంతే. ఒకటి నిలువు గీతలనే పట్టించుకుంటుంది, ఒకటి గుండ్రటి అంచులనే, ఒకటి మెరుపునే. అలాంటి చుట్టాలు తొంభై ఆరుమంది తలో మాటా చెబితే, అన్నీ కూడుకుని పెట్టె ఒక నిర్ణయానికి వస్తుంది.

ఇప్పుడు ఆ అంకెలను కంప్యూటరే వేల ఫోటోలు చూసి నేర్చుకుని వేసుకుంటోంది. పూర్వం మనుషులే కూర్చుని వేసేవాళ్లు. బాబాయ్ ఆ కాలం మనిషి. వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక్క ఏటవాలు గీతను పట్టే ఫిల్టర్ కోసం మూడు వారాలు కాగితాలు ఖరాబు చేశాడట. అందుకే తొమ్మిది అంకెలు కనబడితే ఆయన వాటిని "అది" అనడు, "ఆయన" అంటాడు.

ఈ ఆయనగారి చేతిలో పడింది కొత్తమ్మాయి.

ఆమె ఆఫీసులో చేరి నాలుగు నెలలైంది. ఆరో నెల నిండగానే ఆమెను ఉంచాలా పంపాలా అన్నది తేలుస్తారు. తేల్చే పెద్దమనిషి శాతం సార్. ఆయన లోకాన్ని శాతాల్లో తప్ప చూడలేరు. కాఫీ ఎలా ఉంది సార్ అంటే "నిన్నటి మీద ఎనిమిది శాతం నయం" అంటారు. ఆయన కొత్తమ్మాయిని పిలిచి పని అప్పగించారు.

"అమ్మకానికి పోయే పెట్టెలో చిప్ చిన్నది. తొంభై ఆరు ఫిల్టర్లు అందులో పట్టవు, నలభై ఎనిమిదే పడతాయి. సగం తీసెయ్యాలి. ఇప్పుడు వంద మాత్రల్లో తొంభై ఏడు సరిగ్గా చెబుతోంది. ఆ తొంభై ఏడు తగ్గకూడదు."

"ఎప్పటికి కావాలి సార్?"

"రెండు నెలల్లో. నీకు ఆరు నెలలూ అప్పటికే నిండుతాయి."

ఆయన ఆ మాట బెదిరించడానికి అనలేదు. రెండు గడువులూ ఒకే రోజున పడ్డాయని ముచ్చటపడి అన్నారు. కొత్తమ్మాయి మాత్రం వేళ్ల మీద వారాలు లెక్కపెట్టుకుంది. ఆమె అక్కాబావల రెండు గదుల ఇంట్లో, ఇస్త్రీ బల్ల తీసేసిన చోట పరుపు వేసుకుని పడుకుంటోంది. ఉద్యోగం ఖాయమైతే వేరే గది చూసుకుంటానని మాటిచ్చింది. అక్క ఎప్పుడూ పొమ్మనలేదు గానీ, ఇస్త్రీ బల్లను మళ్లీ ఎక్కడ వేసుకోవాలని బావ రెండుసార్లు అడిగాడు. నలిగిన చొక్కాతో నిలబడి అడిగాడు.

ఆమె అందరూ చేసే పద్ధతే చేసింది. ఒక్కో ఫిల్టర్లోని తొమ్మిది అంకెల పరిమాణాలను కూడి, మొత్తం చిన్నగా వచ్చినవాళ్లను బలహీనులని పక్కన పెట్టింది. మధ్యాహ్నం భోజనానికి లేచేలోపే నలభై ఎనిమిది నంబర్ల జాబితా తయారైంది. ఇక మిగిలింది కింద ఒక్క సంతకం. ఆ సంతకం ఎంక్వైరీ బాబాయ్‌ది.

"కూర్చో అమ్మాయ్," అన్నాడు బాబాయ్ జాబితా అందుకుని. "మొదటివాణ్ణి పిలు."

"ఎవర్నండీ?"

"ఇందులో మొదట ఎవరున్నారు?"

"పన్నెండో నంబరు ఫిల్టరండి."

"మరి పిలు."

పిలవడమంటే, ఆ ఫిల్టర్ తొమ్మిది గడులను నలుపు తెలుపు ఛాయల్లో ఒక అట్టముక్క మీద అచ్చు తీసి, ఎదుటి కుర్చీలో నిలబెట్టడం. అడిగేది బాబాయ్. జవాబు చెప్పేది కంప్యూటర్ దగ్గర కూర్చున్న కొత్తమ్మాయి. ఆ ఫిల్టర్ ఏయే ఫోటోలకు అందరికన్నా ఎత్తుగా లేస్తుందో తెర మీద వరసగా చూపించాలి.

పన్నెండో నంబరు లేచినవన్నీ చూస్తే, ఫోటోల్లో మాత్ర వెనకాల కనబడే బల్ల అంచు.

"పాపం, మాత్ర ముఖం ఒక్కసారి కూడా చూడలేదు. బల్లకే కాపలా కాశాడు," అన్నాడు బాబాయ్. రిజిస్టర్లో రాశాడు: పన్నెండు. పని, బల్ల అంచు. ప్రవర్తన, మంచిది. విడుదల.

అలా ఒక్కొక్కరికి గంట. అదయ్యాక, ఉంచబోయేవాళ్లను కూడా పిలవమన్నాడు.

"వాళ్లు ఉండేవాళ్లే కదండీ. వాళ్లకెందుకు విచారణ?"

"ఎందుకు ఉంటున్నారో చెప్పొద్దూ?"

కొత్తమ్మాయికి తల ప్రాణం తోకకొచ్చింది. అయితే యాభై ఎనిమిదో నంబరు దగ్గర ఆమె నోరు మూతపడింది. ఆయన మహా బలవంతుడు, అంకెలన్నీ పెద్దవి. రక్తపోటు మాత్ర వస్తే చాలు ఎగిరి లేచేవాడు. ఆయన్ని కదిలించాలని ఆమె కలలో కూడా అనుకోలేదు. తీరా చూస్తే, ఆయన లేచింది మాత్ర దగ్గర కాదు, దాన్ని పట్టుకున్న బొటనవేలి దగ్గర. ఆ గోరు మధ్యలో చీలి ఉంది. రక్తపోటు మాత్ర ఫోటోలన్నీ తీసింది స్టోర్ కీపర్. చిన్నప్పుడు ఆయన వేలు తలుపు సందులో పడిందట.

స్టోర్ కీపర్ని పిలిపించారు. పిప్పరమెంటు బిళ్ల పట్టుకుని పెట్టె ముందు పెట్టమన్నారు. "ఇది పొద్దున వేసుకునే రక్తపోటు మాత్ర," అంది పెట్టె. ఏమీ పట్టుకోకుండా ఉత్త వేలు పెట్టమన్నారు. పెట్టె అదే మాట అంది. స్టోర్ కీపర్ వేలు వెనక్కి తీసుకుని, "మా ఆవిడా ఇదే అంటుంది, నన్ను చూస్తే రక్తపోటేనని," అన్నాడు. యాభై ఎనిమిదిని ఆ మధ్యాహ్నమే పంపించేసి, ఆయన బదులు జాబితాలో ఉన్న ఒకర్ని ఉంచేశారు. ప్రవర్తన గడిలో బాబాయ్ ఏమీ రాయలేదు.

ఇలా నలభై ఏడుగురు వెళ్లిపోయారు. ఇంకొక్కరు వెళ్తే లెక్క సరిపోతుంది. ఆ ఒక్కరూ నలభై ఒకటో నంబరు, ఆ నంబరు దగ్గరే బండి ఆగిపోయింది.

నలభై ఒకటి అంకెలన్నీ చిన్నవి. ఆయన వేల ఫోటోల్లో పదకొండింటికి మాత్రమే లేచాడు. పదకొండూ చెయ్యి కదిలి తీసిన ఫోటోలు, మాత్ర అంచు ఒకటికి రెండుగా కనబడుతోంది.

"ఇవి పాడైన ఫోటోలండి. మొదట్లో ఎవరో తీసినవి, ఏరేటప్పుడు పొరపాటున మిగిలిపోయాయి. ఈయన చెత్తను పడుతున్నాడు," అంది కొత్తమ్మాయి.

"ఎవరు తీశారు?"

"తెలీదండి."

"సాక్షులు లేకుండా తీర్పు ఎలా చెబుతాం? వాయిదా."

ఆమె ఆ ఫిల్టర్ని తీసేసి పరీక్ష పెట్టి, ఫలితం పట్టుకొచ్చింది. "చూడండి బాబాయ్‌గారూ. ఈయన ఉన్నా తొంభై ఏడే, పోయినా తొంభై ఏడే."

"పరీక్షకు పెట్టిన ఫోటోలు ఎవరు తీశారు?"

"మన ఆఫీసువాళ్లేనండి."

"మనలో చెయ్యి వణికేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేరండి."

"వాయిదా," అన్నాడు బాబాయ్.

మరో నాలుగు వాయిదాలు పడ్డాయి. గడువు రెండు వారాల్లోకి వచ్చింది. ఇంట్లో బావ ఇప్పుడు చొక్కాలు ఉతికి, చేత్తో సాపు చేసుకుని తొడుక్కుంటున్నాడు, అదీ కొత్తమ్మాయికి కనబడేలా. ఆరో వాయిదా రోజున ఆమెకు కోపం ఆగలేదు.

"మీకేం బాబాయ్‌గారూ, మీ ఉద్యోగం ఖాయం. ఎవరో చెయ్యి కదిపి తీసిన పదకొండు ఫోటోల కోసం నా ఉద్యోగం పోతుంది."

బాబాయ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కంగారు పడకు తల్లీ. విచారణ లేకుండా నిన్ను మాత్రం ఎవరు పంపుతారు?" అన్నాడు. ఆయన ధైర్యం చెబుదామనే అన్నాడు. ఆమె మాత్రం మెట్ల దగ్గరకు పోయి పది నిమిషాలు ఏడ్చి వచ్చింది.

ఆ మర్నాడే శాతం సార్ ఆమెను తన గదికి పిలిచారు. బల్ల మీద కాగితాలు పరచి ఉన్నాయి. నలభై ఇళ్లలో పెద్దవాళ్లకు పాత పెట్టెలు ఇచ్చి, ఎలా ఉన్నాయో మార్కులు వెయ్యమని అడిగారు. ఆ మార్కులు వచ్చాయి.

"ముప్పై రెండు ఇళ్లలో పెట్టె బాగా పనిచేస్తోంది. ఎనిమిది ఇళ్లలో సగానికి సగం సార్లు ‘తెలియలేదు’ అంటోంది. ఇప్పుడు మార్కులు చూడు," అన్నారు ఆయన.

బాగా పనిచేసిన ఇళ్లవాళ్లు పదికి ఏడు వేశారు. తెలియలేదన్న ఎనిమిది ఇళ్లవాళ్లూ పదికి పది వేశారు. వాళ్లలో పంతొమ్మిదో నంబరు ఇంటావిడ అయితే పదికి పదకొండు వేసింది.

"నూటపది శాతం," అన్నారు శాతం సార్ నీరసంగా. "నా సర్వీసులో చూడలేదు. పెట్టెలో ఏదో ఒక ఫిల్టర్ ఈ పని చేస్తోంది. అది ఏదో నాకు తెలియాలి. పరీక్షలో ఉన్న ఇళ్లతో మనవాళ్లెవరూ మాట్లాడకూడదు, మిషనే మాట్లాడాలన్నది నియమం. నీకు అనుమతి ఇస్తున్నాను. ఫోన్ చేసి కనుక్కో."

పంతొమ్మిదో నంబరు ఇంటావిడ నలభై ఏళ్లు బట్టలు కుట్టి, చేతులు వణకడం మొదలయ్యాక మానేసిన దర్జీ. కొత్తమ్మాయి ఫోన్ చేసి, మిషన్ ఎలా ఉందని అడిగింది.

"బంగారం లాంటి మిషనమ్మా," అంది దర్జీ పెద్దమ్మ. "ముందు తెలియలేదంటుంది. అక్కడితో ఊరుకోదు. పది నిమిషాల్లో ఫోన్ చేస్తుంది."

"ఎవరండీ చేసేది?"

"మిషనే."

"ఫోన్ చేసి ఏమంటుంది?"

"‘మాత్ర. మధ్యలో. గీత. ఉందా. తడిమి. చూడండి’ అంటుంది. ఉందంటాను. ‘అయితే. పొద్దున. వేసుకునేది’ అంటుంది. అది అయ్యాక ‘ఏమైనా. తిన్నారా’ అంటుంది. ‘మోకాలు. ఎలా. ఉంది’ అంటుంది. తినకుండా వేసుకుంటే కోప్పడుతుంది కూడా."

"ఏ టైముకి చేస్తుందండీ?"

"ఎనిమిదింటికి. ఆదివారాలు కూడా మానదు. ఆదివారం మాత్రం మిషన్ వెనకాల కుక్కర్ కూతలు వినపడతాయి."

కొత్తమ్మాయి ఫోన్ పెట్టేసి, మర్నాటికి అలారం ఆరింటికి పెట్టుకుంది.

మర్నాడు ఆమె ఎనిమిదికి ఆఫీసుకు వెళ్లింది. హాల్లో ఊడ్చే ఆవిడ తప్ప ఎవరూ లేరు. స్టోర్ రూమ్ తలుపు ఓరగా ఉంది. లోపల అట్టపెట్టెల మధ్య ముక్కాలిపీట మీద ఎంక్వైరీ బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఫోన్ మీద చేతిరుమాలు నాలుగు మడతలు వేసి కప్పాడు. ముక్కు రెండు వేళ్లతో పట్టుకున్నాడు. ఒళ్లో అచ్చు తీసిన ఫోటోల కట్ట.

"మీ. మనవరాలి. జ్వరం. తగ్గిందా," అంటున్నాడు. అవతలి మనిషి చెప్పినదంతా విని, "సంతోషం. మిషన్. సెలవు. తీసుకుంటోంది," అని పెట్టేసి తల ఎత్తాడు. గుమ్మంలో ఆమెను చూసి గతుక్కుమన్నాడు. "అమ్మాయ్. లోపలికి. రా," అన్నాడు. గొంతు మార్చుకోవాలన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

"ఆ ఇళ్లతో మనం మాట్లాడకూడదని నియమం కదండీ," అంది కొత్తమ్మాయి.

"మనం మాట్లాడకూడదు, మిషనే మాట్లాడాలన్నారు. అందుకే ఇంత అవస్థపడి మిషన్లా మాట్లాడుతున్నాను."

"అసలు ఎందుకండీ ఇదంతా?"

"తెలియలేదని చెప్పేసి మిషన్ తన దారిన తను పడుకుంటుంది. ఆ తర్వాత ఆ మనిషి ఏం చెయ్యాలి? మాత్ర చేత్తో పట్టుకుని కూర్చుంటారు. తెలియలేదన్న ఫోటో ప్రతిదీ మన కంప్యూటర్‌కి వచ్చి పడుతుంది. మొదటిరోజు చూశాను. ఎనిమిది ఇళ్లవీ వణికే చేతులే. చూసి ఊరుకోలేకపోయాను." ఆయన ఒళ్లోని కట్టను ఆమెకు అందించాడు. "ఇవిగో, నలభై ఒకటో నంబరు సాక్షులు. నాలుగు వందల పన్నెండు పోగయ్యాయి. ఐదొందలు నిండాక నీకిద్దామనుకున్నా."

"ఐదొందలెందుకండీ?"

"తక్కువ చూపిస్తే శాతం సార్ ఒప్పుకోరు. అప్పుడు మాటపడేది నువ్వు. తొందరపడి ఆ ఫిల్టర్ని పంపేశావనుకో, పెట్టె అమ్మకానికి పోయాక వణికే చేతుల దగ్గర బొత్తిగా మూగబోతుంది. ఆ ఫిల్టర్ని ఎవరు తీసేశారని అడిగితే నీ పేరే బయటికొస్తుంది."

కొత్తమ్మాయికి సిగ్గేసింది. ఇన్నాళ్లూ ఈయన తన బతుకుతో ఆడుకుంటున్నాడనే అనుకుంది. మెట్ల దగ్గర ఏడ్చిన పది నిమిషాలూ ఈయన్ని తిట్టుకుంటూనే ఏడ్చింది. ఆ కట్ట తీసుకుని తన బల్ల దగ్గరకు పోయి ఫోటోలను నలభై ఒకటో నంబరుకు చూపించింది. నాలుగు వందల పన్నెండింటిలో మూడు వందల తొంభైకి ఆయన లేచి నిలబడ్డాడు. కాకపోతే గొంతు చిన్నది. ఎవరూ నేర్పకపోతే పదకొండు ఫోటోలతో ఎంత గొంతు వస్తుంది.

ఆయన్ని ఉంచాలంటే ఇంకొకరు వెళ్లాలి. ఈసారి అట్టముక్కలు అచ్చు తీసింది, కుర్చీ వేసింది కొత్తమ్మాయే. నలభై ఎనిమిదిమందినీ మళ్లీ పిలిచింది. మూడో రోజున దొరికారు. ముప్పైయో నంబరు గుండ్రటి మాత్రను ఎడమ వైపు నుంచి చూస్తాడు. డెబ్బై ఏడో నంబరు కూడా ఎడమ వైపు నుంచే చూస్తాడు, కాస్త తల వంచి. ఇద్దరూ ఒక్క పని చేస్తూ రెండు కుర్చీలు ఆక్రమించారు. ఆమె డెబ్బై ఏడును ప్రశ్నించి, ప్రవర్తన మంచిదని రాసి, విడుదల చేసింది. బాబాయ్ మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఆ తర్వాత వణికిన ఫోటోలను కూడా పాఠంలో కలిపి, మిగిలిన నలభై ఎనిమిదిమందికీ మొదటి నుంచి నేర్పించింది.

గడువు రోజు వచ్చింది. శాతం సార్ కాగితం చూసి కనుబొమ్మలు ముడిచారు.

"తొంభై ఆరున్నర. అర శాతం తగ్గింది. తగ్గకూడదన్నాను."

"తగ్గిందండి," అంది కొత్తమ్మాయి. "కానీ ఆ తొంభై ఏడు మన చేతుల తొంభై ఏడు సార్. పెట్టె వాడేది మనం కాదు. ఆ ఎనిమిది ఇళ్ల ఫోటోల్లో కొన్నిటిని పాఠంలో కలపకుండా పరీక్షకు విడిగా దాచాను. పాతది వాటన్నిటికీ తెలియలేదనే అంది. కొత్తది నూటికి ఎనభై ఎనిమిది చెప్పింది."

"ఎనిమిది ఇళ్లే కదమ్మా."

"నలభైలో ఎనిమిది సార్. ఇరవై శాతం."

శాతం సార్ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఇరవై శాతమా," అన్నారు, దగ్గరి బంధువు పేరు విన్నట్టు. "ఆ మాట ముందే చెప్పాలి." కాగితం మీద సంతకం పెట్టి, ఇంకో ఫైలు తీసి అందులోనూ పెట్టారు. రెండోది ఆమె ఉద్యోగం. అప్పుడు గుర్తొచ్చి అడిగారు. "మరి ఆ పదికి పది సంగతి? ఏ ఫిల్టర్ చేస్తోంది ఆ పని?"

పక్కన నిలబడ్డ బాబాయ్ పైనున్న ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నాడు.

"దాని మీద విచారణ జరుగుతోంది సార్," అంది కొత్తమ్మాయి. "వాయిదా పడింది. ఈలోపు ఆ మార్కులను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దండి, మిషన్‌వి కాని సంగతులు అందులో కలిశాయి."

శాతం సార్ ఆమెను చూశారు, బాబాయ్‌ని చూశారు, ఫ్యాన్‌ని చూశారు. ఆ గడి మొత్తం కొట్టేసి ఫైలు మూసేశారు.

కొత్తమ్మాయి వేరే గదికి మారింది. ఇస్త్రీ బల్ల తన చోటుకు వచ్చింది, బావ చొక్కాలు బాగుపడ్డాయి. నలభై ఇళ్లకూ కొత్త పెట్టెలు వెళ్లాయి. నెల తిరిగాక మళ్లీ మార్కులు వచ్చాయి. ముప్పై రెండు ఇళ్లవాళ్లూ మళ్లీ ఏడే వేశారు. ఆ ఎనిమిది ఇళ్లవాళ్లు మాత్రం నాలుగు వేశారు. వాళ్లలో దర్జీ పెద్దమ్మ అయితే సున్నా వేసి, పాత మిషన్ తిరిగి ఇప్పించమని కింద రాయించింది. కొత్తమ్మాయి ఆమెకు ఫోన్ చేసింది.

"కొత్తది తప్పు చెబుతోందాండీ?"

"తప్పెక్కడ చెబుతుందమ్మా. పెట్టీపెట్టగానే చెప్పేసి నోరు మూసుకుంటుంది. ఫోన్ చెయ్యదు, పాడూ చెయ్యదు."

బాబాయ్ పరిస్థితీ బాగాలేదు. ఎనిమిదింటికి అలవాటుగా వచ్చేవాడు, ఫోటోలు ఒకటీ అరా తప్ప రాకపోయేసరికి ఎండిపోయిన పెన్నుల మీద విచారణ పెట్టుకుని కూర్చునేవాడు. కొత్తమ్మాయి పెద్దమ్మ మాట చెబితే, "మిషన్ సరిగ్గా చెబుతుంటే ఇంక నాకు ఏం సాకు ఉంది అమ్మాయ్?" అన్నాడు దిగులుగా.

"సరిగ్గా చెప్పిందో లేదో విచారించొద్దాండీ?" అంది ఆమె. "ఆ ఇళ్లకు ఫోన్ చెయ్యడానికి సార్ నాకు అనుమతి ఇచ్చారు, ఇంతవరకు వెనక్కి తీసుకోలేదు. నా తరఫున మీరు చెయ్యండి. ఇప్పుడు మామూలు గొంతుతోనే మాట్లాడొచ్చు."

"అలా కుదరదు. ఆవిడ మిషన్ అనుకుంటోంది. మనిషినని తెలిస్తే చిన్నబుచ్చుకుంటుంది," అన్నాడు బాబాయ్. స్టోర్ రూమ్‌లో ముక్కాలిపీట మీద కూర్చుని ముక్కు పట్టుకున్నాడు, ఫోన్ మీద చేతిరుమాలు కప్పాడు. అవతల దర్జీ పెద్దమ్మ పలికింది.

"మాత్ర. సరిగ్గా. చెప్పానా," అన్నాడు.

"చెప్పారు గానీ, ముందు ఆ చేతిరుమాలు తియ్యండి బాబూ, ఊపిరాడదు," అంది పెద్దమ్మ.

బాబాయ్ రుమాలును ఇంకాస్త బిగించి పట్టుకున్నాడు.

"నలభై ఏళ్లు గుడ్డతో బతికినదాన్ని. గుడ్డ చాటున మాట్లాడితే నాకు తెలీదా? నూలు రుమాలు, నాలుగు మడతలు. మొదటిరోజే తెలిసింది. పాపం, అంత కష్టపడి మిషన్లా మాట్లాడుతున్నారు, మనిషేనని అంటే చిన్నబుచ్చుకుంటారేమోనని ఊరుకున్నా. తీశారా?"

"తీశానండి," అన్నాడు బాబాయ్ సొంత గొంతుతో.

"ఇప్పుడు నన్ను అడగనివ్వండి. మీరేం ఉద్యోగం చేస్తారు? ఎన్నేళ్లనుంచి చేస్తున్నారు? ఇంత పొద్దున్నే వస్తారే, ఏమైనా తిని వస్తారా? మీరు జబ్బుపడితే ఈ ఫోన్లన్నీ ఎవరు చేస్తారు?"

ఎంక్వైరీ బాబాయ్ పీట మీద నుంచి లేచి నిలబడి, ఒక్కొక్క ప్రశ్నకూ వరసగా జవాబు చెప్పాడు. ఏమీ తిని రాలేదని ఒప్పుకున్నందుకు చీవాట్లు కూడా తిన్నాడు. కొత్తమ్మాయి తలుపు దగ్గరగా వేసి, ఆయనకు తినడానికి ఏమైనా తెద్దామని మెట్లు దిగింది.